రెండు ఊటలు: బంగాళాదుంపతో ద్రవాభిసరణ ప్రాజెక్టు డైరీ

జూన్ 9

అన్నయ్య వేసిన వరి ఆకుమడి పోయింది. పొద్దున్నే మేనకోడల్ని వెంటబెట్టుకుని చూసి వచ్చాను. మడిలో నీళ్లున్నాయి. వేలు గుచ్చితే బురద చల్లగా తగిలింది. ఆకు మాత్రం కొసల దగ్గర చుట్టుకుపోయి, ఎండుగడ్డి రంగుకి తిరిగింది. పిల్ల వంగి ఒక మొక్క పీకి, వేళ్ల నుంచి కారుతున్న నీళ్లు చూపించింది. "నీళ్లలోనే ఉంది కదా అత్తా, మరెందుకు ఎండిపోయింది?"

"ఉప్పు పట్టేసిందమ్మా" అన్నాడు అన్నయ్య, గట్టు అవతలికి చెయ్యి చూపించి. అవతల రొయ్యల చెరువు. గట్టు అడుగు నుంచి ఊట ఇవతలి బోదెలోకి దిగుతోంది. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్లలో ఈ బాధ తెలియని రైతు ఉండడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో మాగాయ జాడీ మూత తీసింది. మూడు రోజుల కిందట ఉప్పూ పసుపూ కలిపి పెట్టిన మామిడి ముక్కలు. చుక్క నీళ్లు పొయ్యలేదు, అయినా జాడీలో సగం దాకా ఊట ఊరింది. ముక్కలు మెత్తబడి వంగిపోతున్నాయి. పిల్ల జాడీలోకి చూసింది, నా మొహం చూసింది. గట్టు కింద ఊట ఆకుని ఎండబెడితే, ఇక్కడ ముక్క ఎండి ఊట వచ్చింది. రెండూ ఒకటే సంగతి అని నాకు తెలుసు: కణం చుట్టూ ఉన్న పల్చటి పొర, అంటే కణత్వచం, దానిగుండా నీళ్లు పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకి పోతాయి. ఏటా తొమ్మిదో తరగతికి బోర్డు మీద మూడు కణాల బొమ్మ గీసి చెబుతూనే ఉన్నాను. కానీ "ఇది ద్రవాభిసరణ" అని పేరు చెప్పేసి ఊరుకుంటే ఆ పిల్ల అడిగినదానికి జవాబైనట్టు కాదు. ఎంత ఉప్పుంటే నీళ్లు లోపలికి పోతాయి, ఎంత దాటితే బయటికి వస్తాయి, ఆ గీత ఎక్కడుంది? ఇద్దరం కలిసి కొలిచి చూద్దాం అనుకున్నాం.

జూన్ 11

సామాను సమకూరింది. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న ఎలక్ట్రానిక్ కాటా, ఒకే సైజు గాజు గ్లాసులు 6, మందుల షాపులో కొన్న 10 మి.లీ. సిరంజి, స్కూల్ నుంచి తెచ్చిన కొలజాడీ. నీళ్లకి ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఒకటి తీసుకున్నాం. మా బోరు నీళ్లలోనే లవణాలుంటాయి కాబట్టి సున్నా దగ్గర పెట్టడానికి అవి పనికిరావు.

ఉప్పుతో కాకుండా పంచదారతో మొదలుపెట్టాం. పంచదార అణువు పెద్దది, కణత్వచం దాన్ని అంత తేలిగ్గా లోపలికి రానివ్వదు. పైగా నీళ్లలో కరిగితే అణువు అణువుగానే ఉంటుంది, ఉప్పులా రెండుగా విడిపోదు. లెక్క శుభ్రంగా ఉంటుంది.

పంచదార అణుభారం 342. లీటరు ద్రావణంలో 342 గ్రాములుంటే అది ఒక మోలార్. 100 మి.లీ. ఒక మోలార్ ద్రావణానికి 34.2 గ్రాములు కావాలి. ఇక్కడే మొదటి తప్పు జరిగింది. పిల్ల 100 మి.లీ. నీళ్లు కొలిచి అందులో 34.2 గ్రాములు పోసి కలిపింది. కలిపాక కొలజాడీలో చూస్తే 121 మి.లీ. ఉంది! "పంచదార కరిగిపోయిందిగా, చోటెందుకు తీసుకుంది?" అని ఆశ్చర్యపోయింది. కరిగినంత మాత్రాన అణువులు మాయమైపోవు కదా, వాటి చోటు వాటికి కావాలి. అది ఒక మోలార్ కాదు, 0.83 మోలార్ ద్రావణం. తక్కువ నీళ్లలో పంచదార ముందు కరిగించి, తర్వాత గీత దాకా నీళ్లు పోసుకోవాలి. 102.6 గ్రాములతో 300 మి.లీ. మళ్లీ కలిపాం. దాన్నే పలచన చేస్తూ 0.2, 0.4, 0.6, 0.8, 1.0 మోలార్ గ్లాసులు, ఆరోది వట్టి డిస్టిల్డ్ వాటర్.

జూన్ 12

మొదటి ప్రయత్నం పాడైంది. ఎక్కడ పాడైందో వివరంగా రాసుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత వచ్చిన అంకెలకి విలువ దీనివల్లే వచ్చింది.

దుంపలు చెక్కు తీసి, సెంటీమీటరు మందం, 5 సెంటీమీటర్ల పొడవుతో ముక్కలు కోశాం. చెక్కు ఏమాత్రం మిగలకూడదు, అందులోంచి నీళ్లు పోవు. తూచి గ్లాసుల్లో వేశాం. రెండు గంటల తర్వాత తీసి తూస్తే 0.4 మోలార్ గ్లాసులో మూడు ముక్కల్లో ఒకటి బరువు పెరిగింది, రెండు తగ్గాయి. ఒకే ద్రావణం, ఒకే గ్లాసు.

కారణాలు వెతికాం. ఒకటి, తీసిన ముక్కకి అంటుకున్న తడి. తుడవకుండా తూచిన ముక్కనే గుడ్డతో అద్ది మళ్లీ తూస్తే 0.21 గ్రాములు తేడా వచ్చింది. మనం కొలవాలనుకునే మార్పే అంతంతమాత్రం, తడి దాన్ని మింగేస్తుంది. రెండు, దుంపల్లో తేడా. ఒకటి కొత్త దుంప, ఇంకొకటి మొలక కన్ను లేచిన పాత దుంప. పాత దుంపలో పిండిపదార్థం కొంత చక్కెరగా మారి ఉంటుంది, నిల్వలో కొంత నీరూ పోయి ఉంటుంది. రెంటి కణాలూ ఒకలా ప్రవర్తించవు. మూడు, సెంటీమీటరు మందం ముక్క నడిమధ్య దాకా నీటి రాకపోకలు సర్దుకోవడానికి రెండు గంటలు చాలవు.

ఇంకొకటి పిల్ల కనిపెట్టింది. 0.8, 1.0 గ్లాసుల్లో ముక్కలు పైకి తేలుతున్నాయి. ఒక మోలార్ పంచదార ద్రావణం దుంప కంటే బరువైనది. తేలిన ముక్క పై భాగం గాలికి ఆరుతోంది, ద్రావణం అక్కడ తగలడం లేదు. వాటిని కిందికి నొక్కి ఉంచాలి.

జూన్ 14

ఈసారి పద్ధతి మార్చాం. ఒకే రోజు కొన్న, మొలక లేని పెద్ద దుంపలు మూడు. ఒక్కోదాంట్లోంచి 6 ముక్కలు. ప్రతి గ్లాసులోకీ ఒక్కో దుంప నుంచి ఒక్కో ముక్క. అలాగైతే దుంపల మధ్య తేడా అన్ని గ్లాసులకీ సమానంగా పంచుకుపోతుంది. మూడు ముక్కల్నీ కలిపే తూచాం. తుడవడానికి ఒక నియమం పెట్టుకున్నాం: పాత పంచె గుడ్డ మీద నాలుగు వైపులా ఒక్కోసారి దొర్లించడం, పిండకూడదు, రుద్దకూడదు. ఆ పని మొత్తం పిల్లకే అప్పగించాను. చెయ్యి మారితే నొక్కుడు మారుతుంది.

రాత్రి 8 గంటలకి వేశాం. తేలే ముక్కల మీద చిన్న గాజు గిన్నెలు బోర్లించాం, గ్లాసుల మీద పళ్లేలు మూశాం. గది వేడి 30 డిగ్రీలు.

జూన్ 15

మధ్యాహ్నం 12 గంటలకి తీశాం.

డిస్టిల్డ్ వాటర్‌లో ముక్కలు: 16.02 గ్రాముల నుంచి 18.84కి. అంటే 17.6 శాతం పెరిగాయి. ఒక మోలార్‌లోవి: 15.96 నుంచి 11.65కి. 27 శాతం తగ్గాయి. మధ్యలో 0.2 దగ్గర 5.8 శాతం పెరుగుదల, 0.4 దగ్గర 7.1 తగ్గుదల, 0.6 దగ్గర 18.9, 0.8 దగ్గర 24.7 తగ్గుదల.

అంకెల కంటే ముందు వేళ్లకే తెలిసిపోయింది. నీళ్లలో ముక్క బిర్రుగా, కొంచెం ఉబ్బి ఉంది. వంచబోతే టప్పున విరిగింది, విరిగిన చోట నీరు మెరిసింది. ఒక మోలార్ ముక్కని రెండు కొసలూ తాకేలా వంచినా విరగలేదు, తోలు ముక్కలా వంగి, వదిలితే నెమ్మదిగా సగం దాకా మాత్రమే తెరుచుకుంది. పిల్ల దాన్ని పట్టుకుని వంటింట్లోకి పరిగెత్తి మాగాయ ముక్క పక్కన పెట్టి చూసింది. అమ్మ రెండూ నొక్కి చూసి, "ఇదీ మాగింది" అంది.

గ్రాఫ్ కాగితం మీద చుక్కలు పెట్టి గీత కలిపితే, పెరుగుదలా తగ్గుదలా లేని సున్నా దగ్గర 0.29 మోలార్ వచ్చింది. మేం వెతికిన గీత ఇదే. అల్పగాఢత (కణంలోకి నీళ్లు పోయేది), సమగాఢత (ఏ మార్పూ లేనిది), అధికగాఢత (కణంలోంచి నీళ్లు లాగేది) అని పుస్తకంలో మూడు పేర్లుంటాయి. ఆ పేర్లు ద్రావణానికి సొంతమైనవి కావు, ఎదురుగా ఉన్న కణాన్ని బట్టి వచ్చేవి. 0.2 మోలార్ పంచదార నీళ్లు నోట్లో పోసుకుంటే తియ్యగా ఉంటాయి, కానీ ఈ దుంపకి అవి పలచటి నీళ్లే.

దీన్ని పీడనంగా మార్చవచ్చు. నీళ్లు ఒక చోటి నుంచి కదిలిపోవడానికి ఉండే మొగ్గుని నీటి శక్మం అంటారు. శుద్ధమైన నీటి శక్మం సున్నా. అందులో ఏది కరిగినా శక్మం సున్నా కంటే కిందికి దిగుతుంది. నీళ్లెప్పుడూ శక్మం ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకి నడుస్తాయి. గాఢతని వాయు స్థిరాంకంతోనూ కెల్విన్ ఉష్ణోగ్రతతోనూ గుణిస్తే, 0.29 × 0.00831 × 303, సుమారు 0.73 మెగాపాస్కల్. దీని ముందు రుణ గుర్తు పెడితే అదే మా దుంప నీటి శక్మం. 0.73 మెగాపాస్కల్ అంటే గాలి మన మీద మోపే పీడనానికి ఏడు రెట్లకి పైనే. కూరకి తరుక్కునే దుంప ముక్కలో ఇంత బలం ఉందన్నది నాకే ఒళ్లు గగుర్పొడిచినట్టు అనిపించింది.

జూన్ 16

పిల్ల ఇవాళ అడిగిన ప్రశ్న చాలా మంచిది. "0.4 నుంచి 0.6కి వెళ్తే దాదాపు 12 శాతం తగ్గింది. 0.8 నుంచి 1.0కి వెళ్తే రెండున్నర కూడా తగ్గలేదు. గీత ఎందుకు చదునైపోయింది?"

దీనికి జవాబు కాటా చెప్పదు. కణం లోపలికి చూడాలి.

జూన్ 18

హెడ్మాస్టరు గారి అనుమతితో సూక్ష్మదర్శిని దగ్గర సాయంత్రం రెండు గంటలు కూర్చున్నాం. స్కూల్ కుండీల్లో రియో మొక్క ఉంది, ఆకు పైన పచ్చ, అడుగున ముదురు ఊదా. ఇంటర్ బోటనీ ప్రాక్టికల్స్ చేసినవాళ్లందరికీ గుర్తుండే మొక్క. ఆకుని ఏటవాలుగా చింపితే అడుగు వైపు పొర ఊదారంగు పల్చటి రేకులా వస్తుంది. ఆ రంగు కణం మధ్య ఉండే రిక్తిక అనే నీటి సంచి రసంలోది. కణంలో ఎక్కువ చోటు ఆక్రమించేది రిక్తికే కాబట్టి, నీళ్లు పోతే ఏం ముడుచుకుంటుందో రంగే చూపిస్తుంది. రియో దొరకనివాళ్లు ఎర్ర ఉల్లిపాయ రేకు బయటి వైపు ఊదా పొర తీసుకున్నా సరిపోతుంది.

నీటి చుక్కలో పొర: ఆరు పలకల కణాలు, ఒక్కోటీ అంచు నుంచి అంచు దాకా ఊదారంగుతో నిండుగా. కవర్‌స్లిప్ ఒక పక్కన 0.5 మోలార్ పంచదార చుక్క వేసి, రెండో పక్క నుంచి వడపోత కాగితం ముక్కతో నీళ్లు లాగాం. ముందు ఏమీ కాలేదు. నాలుగైదు నిమిషాలకి ఒక కణం మూలలో సన్నని తెల్లటి చంద్రవంక కనిపించింది. ఊదారంగు ఆ మూల నుంచి వెనక్కి జరుగుతోంది. తర్వాత పక్క కణంలో, ఆ పక్కదాంట్లో. పది నిమిషాలకి ప్రతి గదిలోనూ ఊదా ముద్ద ఒకటి నడుమకి చేరి గుండ్రబడింది. గోడలు మాత్రం ఉన్న చోటే ఉన్నాయి, ఆరు పలకలు ఆరు పలకల్లాగే. రంగూ ముదిరింది, నీళ్లు పోయి రసం చిక్కబడిందిగా. పిల్ల కంటద్దం నుంచి కన్ను తీయలేదు. దీన్నే కణద్రవ్య సంకోచం అంటాం.

"మరి గోడకీ ముద్దకీ మధ్య తెల్లగా ఉన్నచోట ఏముంది? గాలా?" అని అడిగింది. గాలి కాదు, పంచదార నీళ్లు! గోడ, అంటే కణకవచం, సెల్యులోజ్ అల్లిక, పంచదార దాంట్లోంచి దూరిపోతుంది. ఆపేది లోపలి త్వచం. మొన్నటి ప్రశ్నకీ ఇదే జవాబు. గాఢత పెరిగినకొద్దీ కణంలోంచి నీళ్లు పోతున్నాయి, కానీ త్వచం గోడని వదిలేశాక ఖాళీ అయిన చోటులోకి బయటి ద్రావణం చేరుతోంది. కాటా ఆ బరువుని కూడా కలిపి చూపిస్తుంది. పైగా చిక్కబడే కొద్దీ కణంలో పోవడానికి మిగిలిన నీరే తక్కువ. అందుకే గీత చదునైంది.

తర్వాత మళ్లీ నీటి చుక్క వేశాం. ఊదారంగు నెమ్మదిగా ఉబ్బి గోడల్ని తాకింది. ప్రాణం ఉన్న కణం అలా వెనక్కి వస్తుంది. ఇంకో పొరని వేడినీళ్లలో ముంచి తీసి చూస్తే రంగు బయటికి కారిపోయింది, ఏ ద్రావణం వేసినా ముడుచుకునేది ఏదీ లేదు. కాపలా కాసే త్వచమే చచ్చిపోయాక ద్రవాభిసరణ ఎక్కడిది?

జూన్ 19

ఇవాళ లెక్కపెట్టే పని. నాలుగు గాఢతల్లో పొరలు 20 నిమిషాలు నానబెట్టి, ఒక్కోదాంట్లో 50 కణాలు చూశాం. 0.15 మోలార్‌లో ఒక్కటీ ముడుచుకోలేదు. 0.20లో 9, 0.25లో 31, 0.30లో 48. సగం కణాలు ముడత మొదలుపెట్టే చోటు సుమారు 0.24 మోలార్. దుంప దగ్గర కాటాతో కొలిచినది మొత్తం నీటి శక్మం, గోడ తిరిగి నొక్కే పీడనం కూడా అందులో కలిసి ఉంది. ఇక్కడ ముడత మొదలయ్యే క్షణంలో ఆ పీడనం సున్నా, కాబట్టి వచ్చింది రసంలో కరిగి ఉన్నవాటి వల్ల కలిగే ద్రావిత శక్మం ఒక్కటే. ఈ తేడా నేను డిగ్రీలో బట్టీ పట్టాను. ఇవాళ అర్థమైంది.

ఇలా కణాలు లెక్కపెట్టడం వృక్షశాస్త్రవేత్త హ్యూగో డి వ్రీస్ చూపించిన దారి. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆయన 1884లో ప్రచురించిన పనికి వాడుకున్న మొక్కల్లో మన రియో కూడా ఉంది, అప్పట్లో దాన్ని ట్రడెస్కాన్షియా అనేవారు. వేరువేరు లవణాలు ఏ గాఢతలో కణాన్ని సరిగ్గా ముడత అంచుకి తెస్తాయో పోల్చి, ఏ లవణం ఎంత బలంగా నీటిని లాగుతుందో తేల్చాడు. అంతకుముందు 1877లో ఫెఫర్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త మట్టి కుండ గోడలో కృత్రిమ త్వచం ఏర్పరచి పంచదార ద్రావణం పీడనం కొలిచాడు. ఆ అంకెల సంగతి అదే ఊళ్లో ఉన్న రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్‌కి డి వ్రీస్ చెప్పాడు. వాటి మీద వాంట్ హాఫ్ కట్టిన సూత్రమే మొన్న మేం గుణించినది. 1901లో రసాయన శాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. మా స్కూల్ కుండీలో మొక్కకి ఇంత చరిత్ర ఉందని చెబితే, పిల్ల ఇంటికి వెళ్లేముందు దానికి నీళ్లు పోసింది.

జూన్ 21

ఇక ఉప్పు. ఉప్పుని నమ్మకంగా తూచి కలిపే కంటే మంచి దారి ఉంది. మందుల షాపులో దొరికే సెలైన్ సీసా, 0.9 శాతం సోడియం క్లోరైడ్, అంటే లీటరుకి 9 గ్రాములు, 0.154 మోలార్. ఉప్పు నీళ్లలో సోడియం, క్లోరైడ్‌గా విడిపోతుంది కాబట్టి ఒక్క అణువు దాదాపు రెండింటి పని చేస్తుంది. లెక్క ప్రకారం ఇది 0.29 మోలార్ పంచదారకి దగ్గరగా రావాలి, అంటే దుంప బరువు మారకూడదు. వేశాం. 16 గంటలకి 16.11 నుంచి 16.01. తగ్గుదల 0.6 శాతం. మా తుడుపులో వచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. మనిషి రక్తకణాలకి సరిపోయేలా కలిపిన సెలైన్ దుంపకీ సరిపోవడం యాదృచ్ఛికమే, కానీ కాగితం మీద లెక్క గ్లాసులో నిజమవడం చూసి ఇద్దరం చప్పట్లు కొట్టాం.

జూన్ 23

గట్టు కింద బోదె నీళ్లు సీసాలో పట్టుకొచ్చి, బట్టలో వడకట్టి, దుంప ముక్కలు వేశాం. ఉప్పు ఎక్కువ కాబట్టి ముక్కలు తగ్గుతాయనే ఇద్దరం అనుకున్నాం.

పెరిగాయి. 6.4 శాతం.

ఇంకోసారి చేశాం. 6.5. గ్రాఫ్‌లో వెనక్కి చదివితే ఈ నీళ్లు 0.19 మోలార్ పంచదారతో సమానం. అదంతా మామూలు ఉప్పే అనుకుంటే లీటరుకి 6 గ్రాములు. దుంప ఈ నీళ్లని తాగుతోంది, వరి మాత్రం ఎండింది. పిల్ల మొహం వాడిపోయింది. నాకూ రాత్రంతా అదే ఆలోచన.

జూన్ 24

తెల్లవారుజామున తట్టింది. మేం సీసాలో నీళ్లు కొలిచాం, వేరు చుట్టూ ఉన్న నీళ్లని కాదు. మడిలో నీళ్లు పెట్టిన రోజు, తీసిన రోజు, ఎండ కాసిన రోజు ఉంటాయి. ఆవిరై పోయేది నీరే, ఉప్పు అక్కడే ఉంటుంది. సగం నీరు పోతే ఉప్పు గాఢత రెట్టింపు.

బోదె నీళ్లు 400 మి.లీ. స్టీలు పళ్లెంలో పోసి డాబా మీద ఎండలో పెట్టాం. 200 మి.లీ.కి దిగేదాకా పిల్ల గంటకోసారి మెట్లెక్కి కొలుస్తూనే ఉంది.

జూన్ 26

ఆ సగం చేసిన నీళ్లలో దుంప ముక్కలు 5.2 శాతం తగ్గాయి. గ్రాఫ్‌లో చదివితే 0.37 మోలార్. 0.19కి దాదాపు రెట్టింపు! ఏ మీటరూ లేకుండా దుంప ముక్కే ఇది చెప్పింది.

అన్నయ్యకి రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి చూపించాం. ఒకే బోదె నీళ్లు. ఒకదాంట్లో ముక్క బిర్రుగా ఉంది, ఎండలో పెట్టినదాంట్లో వేలికి చుట్టుకుంటోంది. ఆయన ముక్కని వంచి చూసి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆకుమడిలో రెండ్రోజులు నీళ్లు తీసేసి ఆరబెట్టిన సంగతి చెప్పాడు. మొలక వేరు పట్టడానికి అందరూ చేసే పనే. ఉప్పు నేలలో ఆ రెండ్రోజులే ప్రాణం మీదకి తెచ్చాయి.

మొత్తం కథ దీంతో అయిపోలేదని కూడా ఆయనకి చెప్పాను. వరి ఉప్పుకి ఓర్చే మొక్క కాదు. నేలలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత మీటరుకి 3 డెసీసీమెన్స్ దాటితేనే దిగుబడి తగ్గడం మొదలవుతుంది, ఈ బోదె నీళ్లు అంతకు ఎంతో పైన ఉన్నాయి. పైగా సోడియం, క్లోరైడ్ నీళ్లతోపాటు మొక్కలోకి చేరి ఆకుల్లో పేరుకుంటాయి. మొదటి దెబ్బ నీళ్లు అందకపోవడం, రెండోది విషం. కొసలు మాడిపోవడంలో రెండో దెబ్బ కూడా ఉండి ఉంటుంది. దుంప ముక్క మొదటిదాన్నే కొలవగలదు.

జూన్ 28

పంట కాలువ నీళ్లు కూడా పరీక్షించాం: 17.1 శాతం పెరుగుదల, డిస్టిల్డ్ వాటర్‌కి కొంచెమే తక్కువ. అన్నయ్య కొత్త ఆకుమడి కాలువ పక్క పొలం చెక్కలో వేస్తున్నాడు. పాత మడిలో కాలువ నీళ్లు నిండా పెట్టి, నిలవనిచ్చి, మురుగు కాలువలోకి తీసేయడం మొదలుపెట్టాడు. ఈసారి ఆరబెట్టడు.

రాత్రి భోజనాల దగ్గర రెండు సీసాలు తెచ్చి పిల్ల ముందు పెట్టాడు. వాటి మీద కాగితం అంటించి పెన్సిల్‌తో రాశాడు: "పాత మడి, మొదటి తీత", "పాత మడి, రెండో తీత". "ఎంత దిగిందో చూడమ్మా" అన్నాడు. పిల్ల చెయ్యి కడుక్కుని దుంపలు కోస్తోంది.